ఎవరి బిళ్ళ వాళ్ళదే

ఆ క్వార్టరు వెనక మోరీలో ఇప్పుడు నీళ్ళు తెల్లగానే పోతున్నాయి.

ఇరవై ఏళ్ళకు పైగా అవి నల్లగా పోయాయి. మధ్యాహ్నం సైరను కూసిందంటే చాలు, ఆరోగ్యమ్మ కాగు కింద మంట ఎగదోసేది. బొగ్గుబావి దగ్గర నల్లాలున్నా, అందరూ అక్కడే పోసుకుని తెల్లబట్టలతో ఇళ్ళకు వచ్చినా, ఆమె మొగుడు యేసుదానం మాత్రం ఇంటికొచ్చే పోసుకునేవాడు. వెనక బండమీద గొంతుక్కూర్చుని, "ఊఁ, రుద్దు" అనేవాడు. ఆమె పీచు పట్టుకుని వీపు రుద్దేది. మొదటి చెంబు నీళ్ళు సిరాలాగా పోయేవి, తర్వాతివి చాయ డికాషన్‌లాగా. ఆ తర్వాత గాని మనిషి రంగు బయటపడేది కాదు. "ఇగ ఆపే, ఆ కింద ఉన్నది నా తోలే" అని అతను మొత్తుకునేదాకా ఆమె చెయ్యి ఆగేది కాదు.

సైరను ఇప్పుడూ కూస్తుంది. ఆమె ఇప్పుడూ లేచి కాగు దాకా పోతుంది. అక్కడ కాసేపు నిలబడి, ఏం తోచక, రెండు చెంబుల చన్నీళ్ళు ముంచి బచ్చలి పాదులో పోస్తుంది. ఆ చలికాలం బచ్చలి తీగ గోడ దాటి పక్క క్వార్టరులోకి పాకింది.

యేసుదానం బావిలో సపోర్టు పని చేసేవాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం అతని పని. పొద్దంతా నెత్తి మీది కప్పును చూసుకుంటూ బతికే మనిషి. అందుకేనేమో, వారానికొక్క సెలవు వచ్చిందంటే ఏ కప్పూ లేని చోటికి పోవాలని అతని ప్రాణం గుంజేది. పెళ్ళయిన చాలా ఏళ్ళదాకా ఆ గుంజుడును లోపలే పెట్టుకున్నాడు. ఒక్కగానొక్క బిడ్డ గ్రేసును వైరాలో ఇచ్చి పంపాక ఇల్లు బోసిపోయింది. ఒక శనివారం డ్యూటీ దిగి, నీళ్ళు పోసుకుని, టీవీఎస్ బండి బయటికి తీశాడు.

"ఎక్కు, గుట్టకు పోదం."

"గుట్ట మీద ఏముందయ్యా?" అంది ఆరోగ్యమ్మ.

"ఏం లేదు."

"ఏం లేనిదానికి ఎక్కుడెందుకు?"

"ఏం లేదనే."

ఆ మాటకు ఆమెకు అర్థం తెలియలేదు గాని బండెక్కింది. కిన్నెరసాని వైపు రోడ్డు మీద బండి ఒక చెట్టు కింద ఆపి ఇద్దరూ చిన్న గుట్ట ఒకటి ఎక్కారు. ఆమెకు చెప్పు తెగింది. కొంగు ముళ్ళకు పట్టుకుంది. నోరు ఊరుకోలేదు. తీరా పైకి పోయాక అతను చేసిందేమిటంటే, ఒక బండ చూసుకుని, వెల్లకిలా పడుకుని, మాటైనా చెప్పకుండా నిద్రపోయాడు. ఆమె పక్కన కూర్చుని అతన్నే చూసింది. ఇంట్లో అతను వెల్లకిలా పడుకోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఎప్పుడూ పక్కకు ముడుచుకుని, తల మీద ఒక చెయ్యి అడ్డం పెట్టుకునే పడుకునేవాడు. ఆ పొద్దు రెండు చేతులూ చెరోవైపు చాపి పడుకున్నాడు. లేపబుద్ధి కాలేదు ఆమెకు.

అట్లా మొదలైంది. పాత టార్పాలిన్ పట్టా ఒకటి, నైలాను తాడు, ఒక సిల్వరు గిన్నె, గుడ్డలో మూట కట్టిన బియ్యం, పప్పు, ఉప్పు, ఎండుమిరపకాయలు. శనివారం మధ్యాహ్నం పోయి, రాత్రి గుట్ట మీదో వాగు ఒడ్డునో పట్టా కట్టుకుని పడుకుని, ఆదివారం చీకటి పడేలోపు వచ్చేవాళ్ళు. చీర మీద కాన్వాసు బూట్లు తొడుక్కుని ఆరోగ్యమ్మ బజారు వెంట పోతుంటే ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. పూజ ఎగ్గొడుతున్నారని చర్చిలో గుసగుసలు. ఫాదరు అడిగితే యేసుదానం, "పైన కూసుంటే ఆయనకు ఇంక దగ్గరే గద ఫాదర్" అని తప్పించుకున్నాడు.

ఆ రోజుల్లో నక్సలైట్ల కోసం అడవి దారిలో పోలీసు తనిఖీలు ఎక్కువ. ఒకసారి నాకా దగ్గర ఆపి మూట విప్పించారు. గిన్నె, పట్టా, పప్పు చూసి పోలీసాయన ఇంకా అనుమానంగా చూశాడు. ఎవరికి వండి పెట్టడానికి పోతున్నారని అడిగాడు.

"మాకే సారూ."

"మొగుడూ పెళ్ళాం అడివిలో పడుకునుడేంది? ఇల్లు లేదా?"

"ఉన్నది సారూ. ఆరు దినాలు భూమి కింద ఉంటున్న. ఏడో దినమన్న పైన ఉండనియ్యండ్రి" అన్నాడు యేసుదానం.

పోలీసాయన ఆరోగ్యమ్మ వైపు తిరిగి, "నువ్వేం అనవా అమ్మా?" అన్నాడు.

"అన్న సారూ, శానా అన్న. ఈయనకు ఎక్కలే" అంది ఆమె. పోనిచ్చాడు.

బిళ్ళల సంగతి పక్క క్వార్టరు వెంకటనారాయణ వల్ల వచ్చింది. అతను బావి మీద ల్యాంపురూములో పని చేసేవాడు. లోపలికి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ అతనికి ఇచ్చి, టోపీకి పెట్టుకునే లైటు తీసుకోవాలి. పైకొచ్చాక లైటు ఇచ్చి తన బిళ్ళ తాను తీసుకోవాలి. మేకుకు బిళ్ళ వేలాడుతున్నదంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. ఎవరి బిళ్ళ వాళ్ళదే. తమ్ముడి బిళ్ళ అన్నకు ఇవ్వడు, కొడుకు బిళ్ళ తండ్రికి ఇవ్వడు. ఆ విషయంలో వెంకటనారాయణకు మొహమాటం లేదు.

వరసకు ఆరోగ్యమ్మను చెల్లె అంటాడు కాబట్టి యేసుదానం అతనికి బావ. "అడివిల మీకేమన్న అయితే ఎవనికి తెలుస్తది బావా? నా దగ్గర బిళ్ళ పెట్టి పోండ్రి" అన్నాడు ఒకనాడు, సగం ఎగతాళికి. యేసుదానం దాన్ని నిజం చేశాడు. పగిలిన ఇత్తడి చెంబు అడుగు కోసి రెండు బిళ్ళలు చేశాడు. మేకుతో పొడిచి ఒకదాని మీద 'యే', ఇంకోదాని మీద 'ఆ' రాశాడు. వెంకటనారాయణ తన వరండా గోడకు ఒక మేకు కొట్టాడు. పోయేముందు రెండు బిళ్ళలు అక్కడ తగిలించాలి. వచ్చాక ఎవరిది వాళ్ళు తీసుకోవాలి. ఆదివారం చీకటి పడ్డా మేకు మీద బిళ్ళ ఉంటే వెతకడానికి రావాలి. అదీ ఒప్పందం.

ఒక ఆదివారం వానలో ముద్దయి వచ్చారు. బట్టలు మార్చుకుని పడుకోవడమే తెలుసు, బిళ్ళలు తీసుకోవడం మరిచిపోయారు. తెల్లారి ఆరోగ్యమ్మ నల్లా దగ్గరికి బిందె పట్టుకుని వచ్చేసరికి పక్క వరండాలో వెంకటనారాయణ భార్య అనంతమ్మ ఏడుస్తూ ఉంది. చుట్టూ నలుగురు ఆడవాళ్ళు.

"ఏమైంది వదినా?" అని ఆరోగ్యమ్మ బిందె దించింది.

అనంతమ్మ తలెత్తి చూసి, "నువ్వే పోయినవ్ గదనే" అంది.

అంతలో వెంకటనారాయణ మోకాళ్ళదాకా బురదతో, ల్యాంపురూం వాళ్ళను వెంటేసుకుని వచ్చాడు. కిన్నెరసాని ఒడ్డంతా పేర్లు పెట్టి పిలిచి గొంతు పోయింది అతనికి. గేటు దగ్గర యేసుదానం వేపపుల్ల నములుతున్నాడు.

"ఏంది బావా, పొద్దుగాల్నే బురదల దిగినవ్?"

వెంకటనారాయణ అతన్ని కింది నుంచి మీది దాకా చూశాడు. "ముందు పోయి నీ బిళ్ళ తీసుకో. అప్పటిదాక నువ్వు రానట్టే లెక్క."

"ఒక్కసారి తలుపు కొట్టి చూడకపోతివా?"

"మనిషి లోపలున్నడని బిళ్ళ చెప్తుంటే తలుపు ఎవడు కొడ్తడు?"

ఆ మాట కాలనీలో చాన్నాళ్ళు నడిచింది. ఎవరైనా ఆలస్యంగా వస్తే, "బిళ్ళ తీసుకున్నవా?" అని అడిగేవాళ్ళు.

గుట్టలు ఆరోగ్యమ్మకు కాళ్ళకు పట్టుబడ్డాయి గాని నీళ్ళు పట్టుబడలేదు. దుమ్ముగూడెం అవతల అడవి ఊళ్ళో జంపక్క అనే కోయ ఆమె వాళ్ళకు తెలుసు. సంతలో తునికిపండ్లు కొనేటప్పుడు అయిన పరిచయం. ఆమె ఇంటి దగ్గర వాగు చెరువంత వెడల్పయి నిలుస్తుంది. చేపలకు పోవడానికి వాళ్ళకొక దోనె ఉంది, చెట్టు మొద్దు తొలిచి చేసినది. ఎంత ఇరుకంటే కూర్చుంటే రెండు మోచేతులూ పక్కలకు తగులుతాయి. యేసుదానం దాన్ని చూసి పిల్లాడైపోయాడు. రెండుసార్లు బోల్తా కొట్టి, మూడోసారికి తెడ్డు వేయడం నేర్చాడు. ఆరోగ్యమ్మ మాత్రం నడుమ కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒడ్డు తగిలేదాకా మరియమ్మ జపం చేసేది. అదీ ఒడ్డు వెంబడి నాలుగు బారలు పోతేనే.

నీళ్ళకు అవతల ఎద్దుమూపు గుట్ట ఉంది. దూరం నుంచి చూస్తే పడుకున్న ఎద్దు మూపురం లాగా ఉంటుంది. దాన్ని ఎక్కాలని యేసుదానానికి ఆశ. దానికి నీళ్ళు నడిమికి దాటాలి. "ఈసారి కాదు, మల్లొచ్చినప్పుడు" అనేది ఆమె. "సరే తియ్" అనేవాడు అతను. అట్లా రెండేళ్ళు గడిచాయి.

రెండువేల ఆరు నవంబరులో, ఆత్మల పండుగకు సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి వస్తూ, ఎందుకనిపించిందో ఆమెకు, "ఈ శనివారం నీ ఎద్దు మీదికి పోదం" అంది. అతను దారి మధ్యలో ఆగి ఆమె ముఖం చూశాడు. "కళ్ళు తెరుసుకుని దాటాలె మల్ల" అన్నాడు.

శనివారం డ్యూటీ దిగి వచ్చాడు. ఆమె వీపు రుద్దింది. నీళ్ళు నల్లగా పోయాయి. పక్కింటికి పోయి రెండు బిళ్ళలూ మేకుకు తగిలించి వచ్చాడు. బండికి పట్టా కడుతూ కడుతూ మెట్టు మీద కూలబడి, "కొన్ని నీళ్ళియ్యి" అన్నాడు. ఆమె చెంబు తెచ్చేలోపు మెట్టుకు ఒరిగిపోయాడు. దవాఖానాకు తీసుకుపోతే గుండె ఆగింది అన్నారు. అంతే.

గ్రేసు వచ్చింది, అల్లుడు జస్టిన్ వచ్చాడు, చుట్టాలు వచ్చారు. ప్రార్థనలయ్యాయి. ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. ఆరోగ్యమ్మ అందరి ముందూ గట్టిగానే నిలబడింది. ఏడ్చేవాళ్ళను తనే ఓదార్చింది. వెంకటనారాయణ వరండాలో మేకు మీద రెండు బిళ్ళలూ అట్లాగే ఉన్నాయి. అతను తియ్యలేదు. ఆమె అడగలేదు. గోడ మీదుగా పాకిన బచ్చలి ఆకులు కోసుకునేటప్పుడు అనంతమ్మ వాటిని చూసీ చూడనట్టు ఉండేది.

ఫిబ్రవరిలో ఒకనాడు అనంతమ్మ వచ్చి గడపలో కూర్చుంది. ఆరోగ్యమ్మ బియ్యం చెరుగుతోంది.

"మీ అన్నకు నెలాఖరుకు రిటైర్మెంటు వదినా. దమ్మపేటకు పోతున్నం. సామాన్లు సర్దుతున్న. ఆ మేకు మీదివి రెండూ తెచ్చుకో."

చేట ఆగింది. "నేనెట్ల తెచ్చుకుంట? పోలే, రాలే."

"గదేం మాట? ఆటకు పెట్టుకున్నదే గద."

"ఆటకే. మరి అన్న ఎందుకు తియ్యలే ఇన్ని దినాలు?"

అనంతమ్మ కాసేపు బియ్యంలో రాయి వెతికింది. "అడిగిన. తీసే అధికారం నాకు లేదన్నడు. మీకందరికీ ఒకటే పిచ్చి."

సాయంత్రం వెంకటనారాయణే వచ్చాడు. లోపలికి రాకుండా గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"చెల్లె, నేను పోయినంక ఆ గోడకు మేకు ఉండది. బిళ్ళ ఉన్నన్ని దినాలు మనిషి లోపల ఉన్నట్టే లెక్క. బావ సంగతి వేరు. నువ్వు బయట ఉన్నవ్, కనబడుతనే ఉన్నవ్. గని లెక్కల లోపలే ఉన్నవ్. నిన్ను లోపల పెట్టి నేను డ్యూటీ దిగి ఎట్ల పోవాలె?"

అతను పోయాక ఆరోగ్యమ్మ గేటు గొళ్ళెం పెట్టింది. అతను చెప్పినదాంట్లో తప్పేం కనబడలేదు. నవంబరు నుంచి ఆమెకు కూడా తాను ఎక్కడో లోపలే ఉన్నట్టుంది. సైరను వినిపిస్తుంది, మనుషులు మాట్లాడేది వినిపిస్తుంది, అంతా పైనుంచి వినిపిస్తున్నట్టు. పోని ప్రయాణానికి బిళ్ళ పెట్టి ఉంది. పోయి వస్తే తప్ప అది తనది కాదు. నెలాఖరు దాటితే పోయి వచ్చినా తీసుకోవడానికి మేకు ఉండదు.

గ్రేసుకు ఫోను చేసి చెప్పింది.

"నాయనే లేడు, నీకు గుట్టలేంది అమ్మా?" అంది గ్రేసు.

"ఉన్నప్పుడు ఆయన కోసం పోయిన. ఇప్పుడు నా కోసం పోత."

"జస్టిన్‌ను తోడు పంపిస్త."

"వద్దు బిడ్డా. మేడ మెట్లెక్కితేనే ఆయాసపడుతడు. ఆయనను నేను మొయ్యాలె."

శనివారం పొద్దున పట్టా, గిన్నె, బియ్యం మూట కట్టుకుని, బూట్లు తొడుక్కుని బస్సెక్కింది. బండి నడపడం రాదు ఆమెకు. బస్సు దిగి అడవి దారిన నడిచింది. మోదుగులు పూసి దారంతా ఎర్రగా ఉంది. జంపక్క ఇంటి ముందు ఇప్పపూల కోసం నేల ఊడ్చుకుంటోంది. ఒంటరిగా వస్తున్న ఆరోగ్యమ్మను చూసి చీపురు కింద పెట్టింది. సంగతి సంతలో విని ఉంటుంది. లోపలికి పోయి జావ తెచ్చి ఇచ్చింది.

"ఎద్దుమూపు ఎక్కాలె అక్కా" అంది ఆరోగ్యమ్మ.

"పోదం. దోనె నేను తోస్త. నువ్వు నడుమ కూసుని కళ్ళు మూసుకో."

"లే. తెడ్డు నాకియ్యి."

"మునుగుతం."

"నీకు ఈత వచ్చు గద."

"నాకొచ్చు. మరి నీకు?"

"నాకు నువ్వున్నవ్."

జంపక్క తెడ్డు ఇచ్చింది. ఆరోగ్యమ్మ మోకాళ్ళు ముడుచుకుని ముందు కూర్చుని తెడ్డు వేసింది. దోనె మెల్లగా ఒక చుట్టు తిరిగి, బయల్దేరిన ఒడ్డుకే మూతి ఆనించింది.

"అవ్, వచ్చేసినం. దిగు" అంది జంపక్క.

ఆరోగ్యమ్మకు నవ్వు వచ్చింది. నవంబరు తర్వాత నవ్వడం అదే మొదలు. మళ్ళీ నెట్టుకున్నారు. యేసుదానం ఈ నీళ్ళల్లోనే తడిసిన చొక్కాతో కూర్చుని చెప్పిన మాట గుర్తొచ్చింది. "నీళ్ళను కొట్టకే. పగ ఉన్నట్టు కొట్టకు. ఎనక్కి నెట్టు, అంతే." అప్పుడు కళ్ళు మూసుకుని విన్నది. ఇప్పుడు తెరుచుకుని నెట్టింది. నడిమికి వచ్చేసరికి ఒళ్ళంతా చెమట. నీళ్ళు నల్లగా, లోతుగా ఉన్నాయి, నోట్లో జపం దానంతటదే నడుస్తోంది, అయినా కళ్ళు మాత్రం మూసుకోలేదు. అవతలి ఒడ్డున ఇసుక దోనె అడుగుకు రాసుకున్నాక గాని తెడ్డు వదల్లేదు. దిగి ఇసుకలో కూర్చుని, "చూసినవా" అంది. జంపక్కతో కాదు.

గుట్ట ఎక్కడానికి ఇద్దరికీ పొద్దు వాలేదాకా పట్టింది. పైన పెద్ద బండ, ఎద్దు వీపంత నున్నగా. పట్టా కడదామని చూస్తే ముడి పడలేదు. తాడు ముళ్ళు ఎప్పుడూ అతనే వేసేవాడు. రెండుసార్లు కట్టింది, రెండుసార్లూ గాలికి జారింది. చివరకు పట్టాను బండమీద పరిచేసింది. మూడు రాళ్ళు పెట్టి గిన్నెలో బియ్యం, పప్పు కలిపి వండింది. చెయ్యి అలవాటుగా ఇద్దరికి కొలత పోసింది. తినేవాళ్ళూ ఇద్దరే. మెతుకు మిగలలేదు. అది చూసి ఆమెకు మిగిలినా బాగుండేది అనిపించింది.

తిన్నాక పట్టా మీద వెల్లకిలా పడుకుంది. చుట్టూ చీకటి పడుతోంది. మీద ఏమీ లేదు. 'ఏం లేదనే' అన్న మాట అప్పుడు అర్థమైంది. బతుకంతా నెత్తి మీది కప్పులకు దుంగలు నిలబెట్టినవాడు. ఈ ఆకాశాన్ని నిలబెట్టే పని ఎవరికీ లేదు. ఇది కూలదు. అందుకే చేతులు రెండూ వదిలేసి పడుకునేవాడు. ఆమె కూడా నవంబరు నుంచి ఇంట్లో దుంగలాగా నిలబడే ఉంది, బిడ్డ ముందు, చుట్టాల ముందు, చర్చిలో. ఇక్కడ ఆ అవసరం కనబడలేదు. గొంతెత్తి ఏడ్చింది. జంపక్క అటు తిరిగి కూర్చుని చుట్ట వెలిగించుకుంది.

ఆదివారం దిగి, నీళ్ళు దాటి వచ్చేసరికి బస్సు ఆలస్యమైంది. కాలనీ మొదట్లో దిగేటప్పటికి చీకటి పడింది. మలుపులో ఒక టార్చిలైటు ఆమె ముఖం మీద పడింది. వెంకటనారాయణ. కాళ్ళకు బూట్లు, భుజాన తాడు. వెనక ల్యాంపురూం వాళ్ళు ఇద్దరు.

"తలుపు కొట్టి చూసినవా అన్నా?" అంది ఆరోగ్యమ్మ.

"కొట్టిన చెల్లె" అన్నాడు అతను. "ఈసారి ముందుగాల తలుపే కొట్టిన."

వరండాలో సామాను అంతా గోనె సంచుల్లో కట్టి ఉంది. గోడ బోసిగా ఉంది, మేకు తప్ప. ఆమె 'ఆ' ఉన్న బిళ్ళ తీసుకుని కొంగున ముడి వేసుకుంది. రెండోది మేకు మీద కాస్త ఊగి ఆగింది.

"బావది?" అన్నాడు వెంకటనారాయణ మెల్లగా.

"ఎవరిది వాళ్ళే తీసుకోవాలె గదన్నా."

అతను తలూపాడు. పొద్దున లారీ వచ్చి సామాను ఎక్కించాక, పట్టుకారుతో మేకు పీకి, బిళ్ళతో సహా రుమాలులో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "దమ్మపేట ఇంట్ల కొట్టుకుంట" అన్నాడు. "డ్యూటీ దిగిన గని, ఒక మనిషి ఇంక లోపలే ఉన్నడు." అనంతమ్మ లారీలోంచి, ఆరోగ్యమ్మ కోసి ఇచ్చిన బచ్చలి కట్ట చూపించి, "నీ గుర్తుకు ఇదన్న ఇచ్చినవ్ వదినా" అంది. లారీ పోయింది.

మధ్యాహ్నం సైరను కూసింది. ఆరోగ్యమ్మ కాగు కింద మంట పెట్టి, వెనక బండమీద తనే నీళ్ళు పోసుకుంది. మోకాళ్ళ మీది ఎర్రమట్టి, చేతులకు పట్టిన పొయ్యి మసి కరిగి మోరీలోకి పోయాయి. నీళ్ళు నల్లగా కాదు గాని, తెల్లగానూ లేవు.

బండ పక్కన సిల్వరు గిన్నె ఉంది, అడుగంతా మసి. ఎప్పుడు వచ్చినా ఆమె మొదట చేసే పని దాన్ని బూడిద వేసి తళతళలాడేదాకా తోమడం. "మసి ఉంటే జల్ది ఉడుకుతది. మల్ల పోయేదే గద, ఎందుకే తోముడు?" అని అతను, "నా ఇంట్ల నల్లటిది నువ్వొక్కనివి చాలు" అని ఆమె. ఆ పోట్లాట ఎప్పుడూ తేలలేదు. బూడిద తెచ్చుకుని, పీచు తడిపి, గిన్నెను ఒళ్ళోకి లాక్కుంది. తర్వాత పీచు పిండి గోడ మీద ఆరేసి, గిన్నెను మసితోనే తీసుకుపోయి టార్పాలిన్ పట్టా పక్కన బోర్లించింది.